చేపల బండికి అల్యూమినియం డిస్కులు: పది హోల్స్ కలిశాయి, ఇంకేం చూడాలి?

ఆకివీడు చేపలబండి:

అందరికీ నమస్తే. నాది 2016 మోడల్ పది టైర్ల లారీ, ఆర్సీలో బండీ సరుకూ కలిపి 25 టన్నులు. ఆకివీడు నుంచి హౌరా, సీజన్లో గౌహతి దాకా చేపల లోడు వేస్తాం. ఇప్పుడున్నవి 10.00 ఆర్ 20 ట్యూబు టైర్లు, రింగు డిస్కులు. ఐసులో ఉన్న సరుకు కదా, టైము తప్పితే మార్కెట్లో మన మొహం చూసేవాడుండడు. మొన్న బాలాసోర్ దాటాక రాత్రి రెండింటికి వెనకాల లోపలి టైరు పోయింది. బయటిది ఊడదీసి, లోపలిది ఊడదీసి, రింగు కొట్టి, ట్యూబూ ఫ్లాపూ మార్చి, మళ్లీ అన్నీ ఎక్కించేసరికి తెల్లారింది. ఇక ట్యూబులతో నా వల్ల కాదని ఆ రోజే అనుకున్నా.

తెలిసినాయన ద్వారా హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్ అల్యూమినియం డిస్కులు పదకొండు దొరికాయి. ట్యూబ్‌లెస్‌వి, 22.5 అంగుళాలు, 8.25 వెడల్పు. తుక్కుకి పోయిన బస్సులవట. పది హోల్స్, పీసీడీ (ఆ హోల్స్ మధ్యల మీదుగా పోయే వృత్తం వ్యాసం) 335 మి.మీ., మా బండిదీ అంతే. కొత్తవాటి ధరలో సగం కూడా లేవు, అడ్వాన్సు ఇచ్చేసి తెచ్చుకున్నా. నిన్న వెనకాల ఒక జత ఎక్కించి చూశాం. స్టడ్లలోకి, అంటే హబ్బు నుంచి బయటికుండే బోల్టుల్లోకి, బాగానే దూరాయి గానీ మధ్య హోలు హబ్బు మీద లూజుగా ఉంది, చేత్తో ఊపితే టకటకా కదులుతోంది. మా మేస్త్రీ "నట్లు బిగిస్తే అదే సెంటర్ అవుద్ది, ఇప్పుడున్న నట్లే వాడేద్దాం" అంటున్నాడు. ఆయన మా నాన్న టైము నుంచి మా బళ్లు చూస్తున్న మనిషి, మాట తీసెయ్యలేను. కానీ ఫుల్ లోడు వేసుకుని రాత్రంతా హైవే మీద పోయే బండి, టెన్షన్‌గా ఉంది. బుధవారం లోడు ఉంది. ఏం చూసుకోవాలో తెలిసినవాళ్లు చెప్పండి.

పాత పానా:

తమ్ముడూ, ముందు ఆ జత దించెయ్. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

బెజవాడ ఆటోనగర్లో ముప్పై ఏళ్లు ఈ పనే చేశాను, ఇప్పుడు మానేశాను. మీ మేస్త్రీ చెప్పింది అబద్ధం కాదు, కానీ ఆయన చెప్పేది పాత డిస్కుల సంగతి. లారీ చక్రాన్ని సెంటర్లో నిలబెట్టే పద్ధతులు రెండున్నాయి. పాత పద్ధతిలో నట్టే నిలబెడుతుంది. డిస్కు హోలు అంచు గిన్నెలా చెక్కి ఉంటుంది, నట్టు మూతి గానీ దాని కింద వాషరు గానీ గుండ్రంగా ఉండి ఆ గిన్నెలో కూర్చుంటుంది, బిగించేకొద్దీ డిస్కుని మధ్యకి లాక్కొస్తుంది. అందులో మధ్య హోలు లూజుగా ఉన్నా ఇబ్బంది లేదు. రెండో పద్ధతిలో హబ్బే నిలబెడుతుంది, స్పిగాట్ అంటారు. హబ్బు అంచుని మెషీన్ మీద కొలతగా చెక్కి ఉంటారు, డిస్కు మధ్య హోలు వెంట్రుక వాసి ఖాళీతో దాని మీద ఎక్కుతుంది. నట్టుకి అడుగున బల్లపరుపుగా, విడిగా తిరిగే వాషరు ఉంటుంది, దాని పని నొక్కిపట్టడం వరకే.

నువ్వు తెచ్చిన బస్సు డిస్కులు రెండో రకం అయ్యుంటాయి, 335 పీసీడీ, మధ్య హోలు 281 మి.మీ. ఉండే రకం. అందులో బోల్టు హోల్స్ నేరుగా, గొట్టంలా ఉంటాయి, మామూలుగా 26 మి.మీ. నీ స్టడ్డు 22. నాలుగు మి.మీ. ఖాళీ అన్నమాట. అంటే చక్రం రెండు మి.మీ. దాకా ఎటైనా పక్కకి కూర్చోవచ్చు. గుండ్రటి మూతి నట్టు పెట్టి ఆ నేరు హోలు మీద బిగిస్తే ఏమవుతుందో చూడు: పూర్తిగా కూర్చోవడానికి గిన్నె లేదు, నట్టు హోలు అంచు గీత మీదే ఆనుతుంది. అల్యూమినియం మెత్తన, ఆ అంచు నలుగుతుంది. నలిగినంత మేరా నట్టు బిగువు పోతుంది. నువ్వు బిగించినప్పుడు రాయిలా ఉంటుంది, వంద కిలోమీటర్లు పోయాక వదులవుతుంది.

బరువంతా స్టడ్లు మోస్తాయని చాలామంది అనుకుంటారు. బిగించినప్పుడు స్టడ్డు రబ్బరు బ్యాండులా సన్నగా సాగి, డిస్కుని బ్రేకు డ్రమ్ముకేసి నొక్కుతుంది. ఆ రెండు ముఖాల మధ్య రాపిడే బండిని మోసేది. నొక్కు తగ్గితే డిస్కు జరగడం మొదలెడుతుంది, అప్పుడు స్టడ్డు మీద కోత పడుతుంది, పది స్టడ్లూ ఒకదాని వెంట ఒకటి పట్‌మంటాయి. ఊడిన జత చక్రాలు రోడ్డు మీద ఎదురొచ్చేవాళ్ల మీదకి ఎలా పోతాయో చూసినవాణ్ణి, వద్దు.

ఇంటికెళ్లి ఇవి చూసి చెప్పు: నీ పాత డిస్కు హోలు అంచు ఎలా ఉంది? పాత నట్టు మూతి ఎలా ఉంది? హబ్బు అంచు చెక్కిన నునుపా, పోత గరుకా? స్టడ్డు డ్రమ్ము ముఖం నుంచి ఎంత బయటికి ఉంది? అల్యూమినియం డిస్కు బోల్టుల దగ్గర ఎంత మందం?

లారీ 9999:

అన్నిటికీ భయపడితే లారీ నడపలేం బ్రదర్. ఇరవై ఏళ్లుగా వీల్ పానాకి పైపు తొడిగి ఎక్కి తొక్కి బిగిస్తున్నాం, ఒక్క చక్రం ఊడలేదు. గట్టిగా బిగిస్తే ఏ డిస్కయినా నిలబడుద్ది. టార్క్ రెంచీలు అవీ షోరూమోళ్ల హడావిడి.

పాత పానా:

బాబూ, నీ పైపు లెక్క కట్టి చూద్దాం, అందులోనూ విషయం ఉంది. డెబ్భై కిలోల మనిషి మీటరు పొడుగు పైపు చివర నిలబడితే 70 కిలోగ్రామ్ మీటర్లు, అంటే దాదాపు 690 న్యూటన్ మీటర్లు. 22 మి.మీ. స్టడ్డున్న స్పిగాట్ చక్రాలకి కంపెనీలు సాధారణంగా అడిగేది 600 నుంచి 700. అంటే నీకు ఇరవై ఏళ్లు ఏమీ కాకపోవడానికి కారణం ఉంది, పైపు పొడుగు, నీ బరువు కలిసొచ్చాయి. అదే పైపు ఒకటిన్నర మీటరైతే వెయ్యి దాటింది. పైగా ఎగిరి తొక్కితే ఎంతో దేవుడికే తెలియాలి. అంత లాగితే స్టడ్డు రబ్బరు బ్యాండులా సాగి వెనక్కి రాదు, చూయింగ్ గమ్‌లా సాగి అలాగే ఉండిపోతుంది. ఆ తర్వాత అది దేన్నీ నొక్కదు. స్టడ్లు విరిగినవాళ్లలో చాలామంది "బాగా గట్టిగానే బిగించామండీ" అంటారు, నిజమే చెబుతారు పాపం.

గాలి గన్ను సంగతీ అంతే. కంప్రెసర్లో ప్రెషర్‌ని బట్టి ఒకసారి తక్కువ, ఒకసారి ఎక్కువ. నట్టు దగ్గరికి చేర్చడానికి వాడుకోండి, ఆఖరి బిగింపు కొలత పానాతోనే, అదే టార్క్ రెంచీతో. నీ బండి మాన్యువల్లో ఎంత రాసుందో అంతే, నేను చెప్పిన 600, 700 కూడా కాదు.

ఆకివీడు చేపలబండి:

గురువుగారూ, చూశాను. పాత డిస్కు హోలు అంచు మీరన్నట్టే గిన్నెలా ఉంది. నట్ల మూతి గుండ్రం. హబ్బు మధ్య భాగం గరుకుగా ఉంది, చెక్కిన అంచు లేదు, తుప్పు గీకి మరీ చూశా. స్టడ్లు డ్రమ్ము ముఖం నుంచి 60 మి.మీ. ఉన్నాయి. అల్యూమినియం డిస్కు మందం 24 మి.మీ., పాత ఇనప డిస్కు 12.

పొడుగు స్టడ్లు వేయించి, వాషరు నట్లు కొనేస్తే సరిపోతుందా? అడ్వాన్సు పోతుందని బాధ.

పాత పానా:

నీ లెక్కలోనే జవాబుంది చూడు. వెనకాల జతకి రెండు డిస్కులు, 24 రెండ్లు 48. అరవైలో 48 పోతే మిగిలింది 12 మి.మీ. మర. నట్టు ఎత్తులో సగానికి పైగా గాల్లో ఉంటుంది. పాత ఇనప డిస్కులైతే 24 పోయి 36 మిగిలేది, నట్టంతా పట్టి పైన మర కనిపించేది. నిన్న నువ్వు ఆ జత మీద నట్లు పెట్టి ఉంటే సగం మర కూడా పట్టి ఉండవు, అది కూడా మీ మేస్త్రీ గమనించాల్సింది. స్టడ్లు పొట్టిగా ఉన్నచోట హోల్లోకి దిగే మెడ ఉన్న నట్లు వాడతారు, కానీ వాటికి డిస్కు హోలు 32 మి.మీ. ఉండాలి. నీవి 26 అయితే అవి దూరనే దూరవు. హోలు పెద్దది చేయించుకుంటానని మాత్రం అనకు.

పొడుగు స్టడ్లు వేస్తే మర సరిపోతుంది, సెంటరు మాత్రం రాదు. హబ్బుకి చెక్కిన అంచు లేదు కదా. హబ్బు మార్చితే తప్ప ఆ డిస్కులు నీ బండికి కావు. లేతులో రింగు చేయించి హబ్బుకి తొడిగి సెంటర్ చేయిస్తామనేవాళ్లు తగులుతారు, జాగ్రత్త.

రబ్బరు లెక్క:

టైర్ల సర్వీసులో ఉద్యోగం చేస్తాను, బరువు సంగతి ఎవరూ అడగలేదు కాబట్టి రాస్తున్నా.

డిస్కు మారుస్తున్నామంటే టైరు సైజు కూడా మారుస్తున్నాం. 10.00 ఆర్ 20 టైరు 22.5 రిమ్ము మీద ఎక్కదు, పదకొండు టైర్లూ కొత్తవే. 10.00 ఆర్ 20 ఎత్తుకి దాదాపు సమానంగా వచ్చేవి 11 ఆర్ 22.5. బయటి వెడల్పు కూడా దగ్గరగా ఉంటుంది, అందుకే 8.25 రిమ్ము మీద వేస్తే వెనకాల జతలో రెండు టైర్ల మధ్య సందు దాదాపు ఇప్పుడున్నంతే ఉంటుంది. చాలామంది 295/80 ఆర్ 22.5 వేసేద్దామంటారు. దానికి 9.00 రిమ్ము సరైంది, 8.25 కూడా అనుమతిస్తారు. అయితే టైరు కాస్త వెడల్పు. లోడు వేసినప్పుడు అడుగున రెండు టైర్లూ ఉబ్బి ఒకదానికొకటి ముద్దెట్టుకుంటే పక్కలు కాలిపోతాయి. ఖాళీ బండికి సందు చూసి సరే అనుకోవద్దు.

ఇక ముందు చక్రాలు. వెనక జతల మీదే బరువు ఎక్కువని అందరి లెక్క. కానీ ఒక్కో చక్రానికి ఎంతో చూడండి. మీ బండి 25 టన్నులు అంటే ముందు ఇరుసు 6, వెనక రెండు ఇరుసులకి కలిపి 19. వెనక ఎనిమిది టైర్లకి ఒక్కోదానికి 2,375 కిలోలు, ముందు రెండిటికి ఒక్కోదానికి 3,000. బ్రేకు కొడితే ఇంకా ముందుకి వస్తుంది. అందుకని టైరు మీద రెండు అంకెలు గీత పెట్టి ఉంటాయి, 146/143 లాగా, మొదటిది ఒంటరి చక్రానికి, రెండోది జతలో ఉన్న ఒక్కో చక్రానికి. 146 అంటే 3,000 కిలోలు. 148 అంటే 3,150. 152 అంటే 3,550. 2018లో కేంద్రం ఇరుసు బరువులు పెంచాక ముందు ఇరుసు 7 టన్నులయింది, ఆ తర్వాత వచ్చిన 28 టన్నుల పది టైర్ల బండికి ముందు ఒక్కో చక్రానికి 3,500 కావాలి, దానికి 148 టైరు చాలదు. మీది పాత ఆర్సీ కాబట్టి 148/145 ఉన్న 11 ఆర్ 22.5 సరిపోతుంది, ఆర్సీ ప్రకారం లోడు వేస్తే.

డిస్కుకి కూడా అలాగే లోడు, గరిష్ఠ గాలి అంకెలు కొట్టి ఉంటాయి, సైజు, తయారైన నెల కూడా. ఆ సెకండ్ హ్యాండ్ వాటి మీద అవి కనిపించకుండా పాలిష్ చేసి ఉంటే అక్కడే వదిలేయండి. పాలిష్ కింద పగుళ్లు, వెల్డింగు ఉన్నా తెలియదు. బస్సుల నుంచి వచ్చినవి ఎన్ని వేల కిలోమీటర్లు తిరిగాయో, ఏ బ్రేకు వేడికి కాలాయో ఎవరికెరుక.

అల్యూమినియం అంత ముఖ్యమా అని కూడా ఆలోచించండి. 22.5 ఇనప డిస్కు సుమారు 40 కిలోలు, ఫోర్జింగ్ అల్యూమినియం 23 దగ్గర. పదింటికీ కలిపి 170 కిలోలు ఆదా, అంటే నాలుగైదు చేపల ట్రేలు. మీ అసలు బాధ ట్యూబు, దానికి ఇనప ట్యూబ్‌లెస్ డిస్కు చాలు. మీ హబ్బుకి తగ్గట్టు గిన్నె హోల్స్ ఉన్న ఇనప 22.5 డిస్కులు దొరుకుతాయి, ఐఎస్ఐ మార్కున్నవి అడగండి.

బండి కంపెనీ ఆ మోడల్‌కి ఈ సైజు టైరు ఇచ్చిందో లేదో డీలర్ దగ్గర కనుక్కుని కాగితం మీద తీసుకోండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద కంపెనీ చెప్పినదానికి భిన్నంగా మారిస్తే తప్పు. ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) రోజున బ్రేకు ఇన్‌స్పెక్టర్ చూడకపోయినా, యాక్సిడెంట్ రోజున ఇన్సూరెన్సోళ్లు చూస్తారు.

జగిత్యాల ట్రెయిలర్:

నేను సౌదీలో ట్రెయిలర్ నడుపుతా అన్నా, దమ్మామ్ రియాద్ మధ్య. ఇక్కడ అన్నీ ట్యూబ్‌లెసే, ట్యూబు డిస్కు చూసి ఏండ్లయింది. ఎక్కించేటప్పుడు మా వర్క్‌షాపులో చేసేది చెప్తా, మీకు ఏ డిస్కు వేసినా పనికొస్తది.

డ్రమ్ము ముఖం, డిస్కు రెండు ముఖాలు వైర్ బ్రష్షుతో లోహం కనిపించేదాక గీకుతరు. కొత్త డిస్కు మీద గానీ డ్రమ్ము మీద గానీ మందంగా రంగు ఉంటే ఊకోరు. రంగు రెండు మూడు పొరలు ఉంటే బండి నడిచినంక అది నలిగి పొడి అయితది, అంత మేర నట్టు లూజు. మన దగ్గర కొత్త డిస్కు రాగానే ఎర్ర రంగో వెండి రంగో కొట్టి పూలు వేయించే అలవాటు ఉంది కదా, ముందరి వైపు ఎన్ని పూలైనా వేయించుకోండి, ఆనే ముఖానికి మాత్రం వద్దు. మీది చేపల బండి, ఐసు నీళ్లు కారుతనే ఉంటయి, తుప్పు పొరలు పొరలుగా లేస్తది, మీకు ఇది ఇంకా ముఖ్యం.

నట్టు వేళ్లతో చివరిదాక తిరగాలె. తిరగకపోతే మర చెడినట్టు, దాన్ని పానాతో బలవంతం చేస్తే పానాకి బిగువు వచ్చినట్టు కనిపిస్తది గానీ డిస్కుకి రాదు. బిగించేది ఎదురెదురుగా, చుట్టూ వరసగా కాదు. ముందు చక్రం గాల్లో ఉండగా అన్నీ కొంచెం కొంచెం దగ్గరికి తెచ్చి, కిందికి దించినంక ఆఖరి బిగింపు. ఒక స్టడ్డు విరిగితే దానికి అటూ ఇటూ ఉన్నవి కూడా మారుస్తరు, రెండు విరిగితే పదీ.

ఎక్కించినంక ఎనభై, వంద కిలోమీటర్లకు ఆపి మళ్లీ కొలత పానా పెడతరు. ఇది తప్పనిసరి, కొత్త ముఖాలు ఒకదాని మీద ఒకటి కూర్చుంటయి కదా. నట్ల మీద పసుపు ప్లాస్టిక్ బాణాలు కూడా పెడతరు, రెండు పక్క నట్ల బాణాలు ఎదురెదురుగా చూస్తుంటయి. నట్టు తిరిగితే బాణం పక్కకి పోతది, టీ కోసం దిగినప్పుడు ఒక్క చూపుకే తెలుస్తది. నట్టు కదిలిందని అవి చెప్తయి, మొదలే తక్కువ బిగించిండ్రని మాత్రం చెప్పవు.

పాత పానా:

జగిత్యాల అన్న చెప్పినదానికి ఒక్క మాట కలుపుతా. స్పిగాట్ రకం అయితే నట్టు మరకీ, నట్టుకీ వాషరుకీ మధ్య రెండు చుక్కలు ఆయిల్ వేయమంటారు. మీ గుండ్రటి మూతి రకానికి ఆ మూతి మీద, గిన్నె మీద నూనె, గ్రీజు వద్దు. మాన్యువల్ ఏమంటే అది. డిస్కు ముఖాల మధ్య అయితే ఏ రకానికీ వద్దు. మన కుర్రాళ్లు తుప్పు పట్టకూడదని గ్రీజు ముద్దలు పూస్తారు, రాపిడి మీద నిలబడేదాన్ని జారుడు చేసేస్తారు.

ఇంకోటి, వాల్వులు. జతలో లోపలి చక్రం వాల్వు బయటి చక్రం డిస్కుకుండే కిటికీ లాంటి రంధ్రంలోంచి అందేలా, రెండు వాల్వులూ ఎదురెదురుగా వచ్చేలా ఎక్కించు. లేకపోతే బాలాసోర్ దగ్గర ట్యూబు బాధ పోయి, గాలి కొట్టలేని బాధ పట్టుకుంటుంది.

లారీ 9999:

సరే గురువుగారూ, పైపు కొలుస్తా. నాది ఒకటిన్నర మీటరే, నేను 85 కిలోలు 😅

పాత పానా:

ఐతే 1,250. ఒక్క చక్రం స్టడ్లు తీయించి కొత్త స్టడ్డు పక్కన పెట్టి పొడుగు చూడు. ఇవాళే.

ఆకివీడు చేపలబండి:

మేస్త్రీకి మీ మాటలన్నీ చదివి వినిపించా. మొదట మొహం మాడ్చుకున్నాడు, తర్వాత తనే గుండ్రటి నట్టు ఒకటి తీసుకెళ్లి అల్యూమినియం హోలు మీద పెట్టి చూశాడు. చుట్టూ కాగితం దూరుతోంది, అంచు గీత మీద తప్ప ఎక్కడా ఆనడం లేదు. ఏమీ మాట్లాడకుండా జత దింపేశాడు.

డిస్కులు వెనక్కి పంపుతున్నా. అమ్మినాయన అడ్వాన్సు మొత్తం ఇవ్వనంటున్నాడు, వేరే బస్సు ఓనరుకి అమ్మిపెడితే అప్పుడిస్తాడట. చూద్దాం. మా హబ్బుకి సరిపోయే ఇనప 22.5 డిస్కులు, 8.25వి, గిన్నె హోల్స్‌వి ఏలూరులో ఒక షాపులో చెప్పాను, పాత నట్టు ఒకటి, పాత డిస్కు ఒకటి పట్టుకెళ్లి పక్కన పెట్టి చూసుకున్నాకే. ఐఎస్ఐ మార్కు, లోడు అంకె ఫొటో తీసుకున్నా. డీలర్ దగ్గర సైజు కాగితం అడిగాను, సోమవారం ఇస్తామన్నారు. కాబట్టి బుధవారం లోడు పాత ట్యూబు టైర్ల మీదే పోతుంది, డ్రైవరుకి ట్యూబులు రెండు ఎక్కువ ఇచ్చి పంపుతున్నా.

కొలత పానా కొనాలంటే చాలా అవుతోంది, మా ఊళ్లో చేపల బళ్లు పదిహేను దాకా ఉన్నాయి, అసోసియేషన్ తరఫున ఒకటి కొందామని అడిగా, నలుగురు సరే అన్నారు. కొత్తవి ఎక్కించాక మొదటి ట్రిప్పుకి రావులపాలెం దాటాక ఆపి బిగువు చూడమని డ్రైవరుతో చెప్పా, సుమారు ఎనభై కిలోమీటర్లు వస్తుంది. "అక్కడే ఎందుకండీ" అన్నాడు. టీ బావుంటుంది అన్నాను.

ఒక చిన్న డౌటు మిగిలింది. స్టెప్నీ ఒక్కటీ పాత ట్యూబుదే ఉంచుకుంటే, అవసరానికి ట్యూబ్‌లెస్ పక్కన జతగా వేయొచ్చా?

రబ్బరు లెక్క:

పేరుకి ఎత్తు ఒకటే అయినా అరిగిన పాత టైరు, కొత్త టైరు పక్కపక్కన వేస్తే పెద్దది బరువంతా మోస్తుంది, చిన్నది రోడ్డు మీద ఈడ్చుకుపోతుంది. జతలో రెంటి ఎత్తు తేడా ఆరు మి.మీ. దాటకూడదు. పైగా రింగు డిస్కు, 22.5 డిస్కు పక్కపక్కన సందు కూడా సరిగ్గా రాదు. పదకొండో డిస్కు కూడా కొనేయండి.

ఆకివీడు చేపలబండి:

చెప్పేశా, పదకొండు.